అంబిక చెంబు నీళ్లు

పొద్దుగాల తాండూరు టేషన్ల ప్యాసింజరు ఎక్కెటోళ్లకు తొందరేం ఉండదు. బండి నిమ్మలంగ వస్తది, నిమ్మలంగ పోతది. బండల పాలిష్ కాడ పనిజేసి తెల్లగ దుమ్ము కొట్టుకపోయిన మొగోళ్లు, పప్పు మిల్లుల ఆడోళ్లు, కోర్టు కాయితాలు పట్టుకున్నోళ్లు, అందరెక్కిండ్రు. నాగవ్వ గూడ ఎక్కింది. కిటికి పక్కన జాగ దొరికింది. ఆమె పక్కపొంటి జాగ ఖాళిగనే ఉన్నది. మనుషులు నిలవడ్డరు గని ఆ జాగల ఎవ్వరు కూసుంటలేరు.

నాగవ్వకు అదేం సోయిల లేదు. ఆమె పాణమంత కొంగుల సుట్టి పొట్టకు ఆనిచ్చుకున్న గాజు బుడ్డి మీదనే ఉన్నది. అండ్ల నీళ్లున్నయి. అవి ముట్టకూడని నీళ్లు.

సంగతి ఏందంటె, నాగవ్వ బిడ్డ అంబిక సచ్చిపోయింది. ఇంకా దినాలు గూడ కాలే. వాళ్ల ఊరు కాగ్నా ఒడ్డుకు ఉంటది. ఊరి పక్కన పాత బ్యాటరీలు కరిగిచ్చే కంపిని ఒకటి పెట్టిండ్రు. వానొస్తె ఆ కంపిని గోడ కిందికెల్లి పసుపుపచ్చగ నీళ్లు కారి, సక్కగ ఊరి బోరు దిక్కే పోతయి. అంబిక ముందుగాల నోరు తియ్యగ అయితున్నదన్నది. ఇనుము నాకినట్టు ఉన్నదే అమ్మా అన్నది. తర్వాత చేతులు వణికినయి. తర్వాత ఉచ్చ బందైంది. మొఖం ఉబ్బింది. దావఖాన్ల సూసి కిడ్నీలు పోయినయన్నరు. నీళ్లు ఎక్కువ తాగనియ్యొద్దు అన్నరు.

గంతె. ఎండకాలం పూట, మంచం మీద పండుకొని, అమ్మా దూప, అమ్మా దూప అన్నది ఆ పిల్ల. నాగవ్వ చెంచాతోటి కొలిచి పోసింది. చెంచాతోటి. దూపతోనే పాణం ఇడిసింది.

పాణం పోయిన జాగల దీపం పెట్టి, పక్కన చెంబుల నీళ్లు పెడ్తరు. పోయినోళ్లకు దూపైతదని. దినాలయ్యేదాక ఆ చెంబును ఎవ్వరు ముట్టరు. దినాలనాడు తీస్కపోయి చెట్టు మొదట్ల పోస్తరు. నాగవ్వ గూడ పెట్టింది. తెల్లారి సూస్తె చెంబుల నీళ్లు జర తగ్గేటియి. ఎండలకు ఇంకుతయి తియ్యి అన్నరు సుట్టాలు.

అంబిక సావుతోటి ఊరు గడబిడ చేసింది. మండలాఫీసు కచేరోళ్లొచ్చి బోరుకు సీలేసిండ్రు. కంపినోళ్లు ఒక కాయితం తెచ్చిండ్రు. సీసం ఉండాల్సినంతనే ఉన్నదట. జింకు ఉండాల్సినంతనే ఉన్నదట. రాగి ఉండాల్సినంతనే. ఇంకోటేందో, దాని పేరు నాగవ్వకు నోరు తిరగదు, అది గూడ ఉండాల్సినంతనే. ఏదీ ఎక్కువ లేదు, నీళ్లు మంచియే, ఎల్లుండి మండలాఫీసుల మీటింగ్ పెట్టి సీలు తీస్తం అన్నరు కచేరోళ్లు.

సీలు తీస్తె ఆ నీళ్లు ఎవరు తాగాలె? అంబిక కన్న బిడ్డ భవ్యశ్రీ తాగాలె. దానికి ఇంకా పాలపండ్లు ఊడలే.

నాగవ్వకు ఏడుపు వస్తలేదు. ఏడుపు జాగల నిప్పులు పోసినట్టున్నది. తిన్నా మంటనే, పండుకున్నా మంటనే.

ఊర్ల ధర్నా చేసిననాడు వైశాలి అని ఒక పిల్ల వచ్చింది. వికారాబాద్‌ల గింజల యాపారం చేసే రాజేశం సేటు బిడ్డ. పట్నంల పెద్ద సదువు సదివి, నీళ్ల పరీచ్చలు చేస్తది. నాగవ్వకు బుడ్డి ఇచ్చి, బోరు నీళ్లు ఇండ్ల పట్టుకరా అవ్వా, నేను వేరే తీరు సూస్త అన్నది. బోరేమో సీలేసిండ్రు. కంపిని కాపలోడు కుర్చేసుకొని ఆడనే కూసున్నడు. ఊర్లోళ్లు బుగులుకు బిందెలు, గోళాలు అన్ని బోర్లిచ్చిండ్రు. ఊరంత తిరిగినా ఆ నీళ్లు చుక్క దొరకలే.

ఉన్నయంటె అంబిక చెంబులనే ఉన్నయి. పాణం పోయిన దినం ఆ బోరు నీళ్లే పోసింది నాగవ్వ.

దీపం కాడ కూసోని, "తీస్కపోతున్న బిడ్డా, కోపం చెయ్యకు" అని చెంబు ఒంపింది. దీపం పక్కకు ఒరిగింది. గాలి లేదు.

భవ్యశ్రీ తలుపు కాడ నిలవడి సూసింది. "అమ్మమ్మా, అమ్మ వచ్చి ఏం తాగుతది మరి?"

నాగవ్వ బుడ్డికి మూత బిగిచ్చి కొంగుల సుట్టింది.

గట్ల తెచ్చిన నీళ్లవి.

బండి కదిలినంక సేడం దిక్కు ఆడామె ఒకతి గంప పట్టుకొని వచ్చింది. నాగవ్వ పక్కన ఖాళి జాగను సూసింది. కన్నడంల అన్నది, "స్వల్ప సరి తాయీ, నానూ కూతుకొళ్తీని." జర జరుగు తల్లీ, నేను గూడ కూసుంట అన్నట్టు.

నాగవ్వ కిటికి దిక్కు ఇంకింత జరిగింది.

"నిన్ను గాదు అవ్వా," అన్నది ఆమె, ఈసారి తెలుగుల. "నీ బిడ్డను."

అని, ఖాళి జాగ దిక్కు మల్లొకసారి సూసి, ఏం కనవడ్డదో ఏమో, గంపెత్తుకొని అవతలి డబ్బలకు పోయింది. బండి వికారాబాద్ వచ్చేదాక నాగవ్వ ఎడమ చెయ్యి సల్లగనే ఉన్నది.

రాజేశం సేటు దుకాణం ఎనక కందుల గోదాము ఉన్నది. దానికి కిటికీలు లేవు. వైశాలి అండ్ల సగం జాగ తీసుకొని బల్లలేసింది, ఒక సిన్న ఫ్రిజ్ పెట్టింది.

"సూసినవా నాగవ్వా," అన్నడు రాజేశం, "నేను కందులు పోసుకుంటె, నా బిడ్డ అండ్ల సముద్రం పురుగులు పెంచుతున్నది. గిరాకి ఇంటె దుకాణం మూసుడే."

"నీ కందుల కన్న నయమే సేటు," అన్నది నాగవ్వ. "పురుగు లేని కందులు ఎన్నడన్న అమ్మినవా?"

సేటు నవ్విండు. నాగవ్వ నవ్వలే.

వైశాలి లోపటికి తీస్కపోయి చెప్పింది. సముద్రంల ఒక తీరు క్రిములుంటయట. కంటికి కనవడయి. పాణంతోటి ఉన్నంతసేపు మిణుగురుల లెక్క వెలుగుతయి. ఇసపు నీళ్లు తగిల్తె వెలుగు తగ్గుతది. సస్తె ఆరిపోతది. ఎంత తగ్గిందో మిషిన్ లెక్కగడ్తది.

"కంపినోళ్లు ఒక్కొక్క లోహాన్ని ఇడిగ చూసిండ్రు అవ్వా. ఇడిగ చూస్తె ఏదీ చంపదు. అన్ని కలిసినంక ఏం చేస్తయన్నది ఎవరు చూడలే. ఈ క్రిములకు కాయితం తెల్వదు. అన్ని కలిపే మింగుతయి. మీ అంబిక తాగినట్టు."

"నలుగురు కొట్టి సంపిండ్రనుకో," అన్నది నాగవ్వ. "నా ఒక్క దెబ్బకు సావలే అని నలుగురు అంటె, ఇగ ఎవడు సంపనట్టేనా?"

"గదే అవ్వా. గదే వాళ్లు అనేది."

"వాళ్ల నోట్లె మన్ను వొయ్య."

వైశాలి నీళ్లల్ల ఉప్పు కలిపింది, సముద్రం పురుగులకు ఉప్పు లేకుంటె పడదని. గాజు గొట్టాలు రెండు వరసలు పెట్టింది. మీది వరసల మంచి నీళ్లు. కింది వరసల అంబిక చెంబు నీళ్లు. అన్నిట్ల పురుగులు పోసి, రబ్బరు మూతలు పెట్టింది. "మీదియి వెలుగుతుండాలె, కిందియి ఆరాలె. మీదియి వెలుగుతుంటెనే కింది నీళ్ల తప్పు తెలుస్తది. మీదియి గూడ ఆరితె పరీచ్చ చెల్లదు," అన్నది.

తలుపేసింది. లైటు బంద్ చేసింది.

బయట పట్టపగలు. ఎద్దుల బండి పోతున్న సప్పుడు, హమాలీల కేకలు. లోపట మాత్రం కన్ను పొడుసుకున్నా కానరాని చీకటి. గోనె సంచుల వాసన, కందుల దుమ్ము వాసన. దాని మీదికెల్లి ఉప్పుచేప వాసన.

మెల్లగ వెలుగు తేలింది. నీలం గాదు, ఆకుపచ్చ గాదు. సన్నటి సల్లటి వెలుగు. రెండు వరసలు. దీపాలు పెట్టినట్టు.

నాగవ్వ నిలవడి సూసింది. కింది వరస మసకబారవట్టింది. ఒక్కొక్కటె. మొదలు అంచుల, తర్వాత నడుమ. పాణం పోతుంటె కండ్లల్ల వెలుగు పోయినట్టే. ఆమెకు ఒళ్లంత మంట లేచింది. ఇన్నొద్దులకు ఎవలో ఒకలు నిజం చెప్తున్నరు. మనుషులు చెప్పలే. పురుగులు చెప్తున్నయి.

"చూసినవా అవ్వా," అన్నది వైశాలి మెల్లగ.

గప్పుడు మీది వరసల చివరి గొట్టం ఆరిపోయింది.

మసకబారలే. ఒక్కసారే ఆరింది. ఆరంగనే... గుటక్.

నాగవ్వ మెడ మీద ఎంటికలు లేచినయి.

ఇంకోటి ఆరింది. గుటక్.

"అవ్వా..." అన్నది వైశాలి. "నువ్వేమన్న... తాగుతున్నవా?"

"నేను తలుపు కాడ ఉన్న బిడ్డా."

వైశాలి ఊపిరి తీసుడు గూడ ఇనవస్తలేదు.

గుటక్. గుటక్. మంచి నీళ్ల వరస మొత్తం ఆరింది. ఇగ చీకటే ఉండాలె. గని చీకటి లేదు. బల్ల అవతల, మనిషి కూసుంటె మెడ ఎంత ఎత్తుల ఉంటదో గంత ఎత్తుల, ఆ సల్లటి వెలుగు ఉన్నది. సన్నగ. నిలువుగ. అది కిందికి జారుతున్నది. మింగుతుంటె గొంతుల నీళ్లు దిగినట్టు... దిగి... కడుపు ఉండే జాగల ఆగింది. ఆడ కొద్దిసేపు మెరిసింది.

మెరుస్తుంటె దాని సుట్టు పక్కటెముకలు కనవడ్డయి.

వైశాలి లైటేసింది.

ఎవ్వరు లేరు. బల్ల ఉన్నది, గొట్టాలున్నయి. మూతలు వేసినయి వేసినట్టే ఉన్నయి. కింది వరస నిండుగ ఉన్నది. మీది వరసల చుక్క లేదు.

వైశాలి కుర్చీల కూలబడ్డది. "ఇది చెల్లదు అవ్వా. మంచి నీళ్ల వరస లేకుంటె దీన్ని ఎవరు ఒప్పుకోరు. నాకు... నాకు మల్ల చెయ్యబుద్ధి అయితలేదు. పో అవ్వా, ఇంటికి పో."

"ఇంటికి పోతె రేపు సీలు తీస్తరు," అన్నది నాగవ్వ.

ఆమెకు భయం కాలే. భయమైతె బాగుండు. ఆమెకు కోపమొచ్చింది. కంపిని మీద ఉన్న కోపం, కచేరి మీద ఉన్న కోపం, చెంచాతోటి పొయ్యమన్న డాక్టరు మీది కోపం, అంత ఒక్క తాన మలుపుకొని సచ్చిన బిడ్డ మీదనే పోసింది.

"అంబికా," అన్నది బల్ల దిక్కు మలిగి. "సిగ్గు లేదానె నీకు? నేను నీ కోసం, నీ పిల్ల కోసం రైలెక్కి వస్తె, వచ్చి నా నోటికాడిది గుంజుకుంటవా? దూపైతె నన్నడుగు. బతికున్నప్పుడు పొయ్యలే, ఒప్పుకుంట. ఇప్పుడు పోస్త. కడుపు పలిగేదాక పోస్త. గని ఆ గొట్టాల జోలికి రాకు."

బయటికి పోయి రాజేశం సేటును అడిగి, ఫిల్టర్ నీళ్లు బిందెడు తెచ్చి గోదాము మూలకు పెట్టింది. సేటు, బిందెడు ఎందుకే అంటె, దూప అన్నది.

వైశాలి మల్ల చేసింది. ఎందుకు చేసిందో ఆమెకే తెల్వదు. లైటు బంద్ చేసేముందుగాల నాగవ్వ చెయ్యి పట్టుకున్నది, ఇడువలే.

చీకటి. రెండు వరసల వెలుగు. కింది వరస మసకబారింది, ఆరింది. మీది వరస వెలుగుతనే ఉన్నది. ఒక్కటి గూడ ఆరలే.

మూలకు మాత్రం... గుటక్. గుటక్. గుటక్. ఊపిరి తీసుకోకుంట, బర్రె దుడ్డె తాగినట్టు. ఆపుతలేదు. వైశాలి గోర్లు నాగవ్వ చేతిల దిగినయి. ఇద్దరు మూల దిక్కు సూడలే. మిషిన్ లెక్కలు పడేదాక సూడలే.

తలుపు తీసి సూస్తె బిందె ఎండిపోయి ఉన్నది. అడుగున తడి గూడ లేదు.

వైశాలి లెక్క తీసుకున్నది. ఇడిగ ఏదీ చంపనియి కలిసి చంపుతున్నయని లెక్క సాపుగ చెప్పింది. బుడ్డిల ఇంకా గుక్కెడు నీళ్లు మిగిలినయి. "వీటిని తీస్కపోయి చెంబులనే పొయ్యి అవ్వా," అన్నది. "నీకు దండం పెడ్త."

నాగవ్వ ఊ అన్నది. పొయ్యలే.

తెల్లారి మండలాఫీసుల మీటింగ్. పెద్ద సారు నడుమ కూసున్నడు. కంపిని మేనేజర్ అనిల్‌కుమార్ తెల్లంగి ఏసుకొని ముందు వరసల కూసున్నడు. వైశాలి లెక్క చదివి ఇనిపిచ్చింది. ఊరోళ్లు గుసగుసలు పెట్టిండ్రు.

అనిల్‌కుమార్ లేచిండు. కోపం గూడ చెయ్యలే. నవ్వుకుంటనే మాట్లాడిండు. "మేడమ్ మంచిగ చదువుకున్నరు. గని సార్, సముద్రం పురుగులు తెచ్చి బోరు నీళ్లల్ల ఏస్తె సావవా? చేపను తెచ్చి చెట్టెక్కిస్తె సావదా?"

అందరు నవ్విండ్రు. ఊరోళ్లు గూడ నవ్విండ్రు.

"మంచి నీళ్లల్ల గూడ అవే పురుగులు ఏసిన. సావలే," అన్నది వైశాలి. ఆ నవ్వుల ఎవరికి ఇనవడలే.

"అంతెందుకు," అన్నడు అనిల్‌కుమార్. "సీలు తీయిండ్రి. అందరి ముందట నేనే తాగి చూపిస్త. నా పాణం కన్న గట్టి కాయితం ఏమున్నది?"

"సీలు దాక ఎందుకు సారూ," అన్నది నాగవ్వ లేచి. "నా కాడున్నయి. ఆ బోరు నీళ్లే."

వైశాలి ఆమె కొంగు పట్టి గుంజింది. "అవ్వా, వద్దు. అవి వద్దు."

"ఆయనే అన్నడు కద బిడ్డా. నేను అడగలే."

గిలాసల ఒంపింది. ఫోన్లు లేచినయి, అందరు వీడియో తీస్తున్నరు. అనిల్‌కుమార్ గిలాస అందుకొని, సార్ దిక్కు ఎత్తి చూపెట్టి, ఒక్క గుక్కల తాగిండు. మూతి తుడుసుకున్నడు. "ఏమైంది? బతికే ఉన్న కద."

"బతుకుతవు సారూ," అన్నది నాగవ్వ. "నీకింకా దూప కాలే."

ఆయన నవ్వబోయిండు. సగంల ఆగిండు. బల్ల మీదున్న నీళ్ల బాటిల్ తీసుకొని తాగిండు. పక్కోని బాటిల్ గూడ తీసుకున్నడు. తాగిండు. పెద్ద సారు ఆయన దిక్కు కొద్దిసేపు సూసి, పెద్ద ల్యాబుల మల్ల పరీచ్చ అయ్యేదాక సీలు తియ్యొద్దని చెప్పి లేచిండు.

నాగవ్వ ఇంటికొచ్చి చెంబు కడిగి, ట్యాంకర్ నీళ్లు నింపి దీపం కాడ పెట్టింది. తెల్లారి సూసింది. నీళ్లు పోసినంత ఉన్నయి. ఆ తెల్లారి గూడ అంతే. బిడ్డ ఇంటికి వస్తలేదు. ఏడికి పోతున్నదో నాగవ్వకు ఎరుకే. కడుపుల మంట జర సల్లారింది. ఆ దినం బువ్వ గూడ తిన్నది.

పగటీలి ఫోన్ మోగింది.

"నాగవ్వా..." అనిల్‌కుమార్ గొంతు. ఎండిన ఆకు నలిపినట్టున్నది. "ఎన్ని తాగినా... ఆమెకు సాల్తలేవు."

"ఎవరికి సారూ?"

నల్లా ఇప్పిన సప్పుడు. గుటకలు. ఎనకకెల్లి ఎవలో ఆడామె ఏడుస్తున్నది, ఆయన పెండ్లాం కావచ్చు, ఇగ చాలు, ఇగ చాలు అంటున్నది.

"డాక్టర్‌ను అడుగు సారూ," అన్నది నాగవ్వ. "చెంచాతోటి తాగమంటడు."

ఫోన్ పెట్టెయ్యలే. ఇననీ అని చెవికే ఆనిచ్చుకున్నది. గుటక్. గుటక్. మొగోని గుటకలు, బరువుగ. వాటి ఎన్క ఇంకో గుటక. దాన్ని నాగవ్వ పోల్చుకున్నది. పాలు తాగిచ్చి పెంచిన పిల్ల. పోల్చుకోదా.

తాగు బిడ్డా అనుకున్నది. వాని ఇల్లు తాగు.

గప్పుడు వాటి నడుమ మూడోది ఇనవడ్డది. సిన్న గుటక. తొందర తొందరగ, మింగలేక మింగుతున్నట్టు.

అనిల్‌కుమార్‌కు పిల్లలు లేరు.

నాగవ్వ ఫోన్ బంద్ చేసింది.

పెద్దయి రెండు ఆగినయి. సిన్నది ఆగలే. అది ఫోన్లకెల్లి వస్తలేదు.

మెల్లగ మలిగి సూసింది. భవ్యశ్రీ గోడ దిక్కు మొఖం పెట్టి కూసున్నది. చేతుల గిలాస లేదు, ఏం లేదు. తల ఎనకకు ఒంచి, నోరు తెరిసి ఉన్నది. దాని అమ్మ మీదికెల్లి పోస్తున్నట్టు... దాని గొంతు కదులుతున్నది.